ఆన్‌రోడ్ ధర చీటీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2025 సెప్టెంబరు 22న కార్ల మీద జీఎస్టీ మారాక కొత్త బండి ఆలోచనలో పడ్డ ఇళ్లు చాలానే ఉన్నట్టున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అడిగింది ఒక్కటే: పేపర్లో వేసిన ధరకూ (ఎక్స్-షోరూమ్) చివరికి మనం కట్టే డబ్బుకూ (ఆన్‌రోడ్) మధ్య లక్షల తేడా ఎందుకు? అందుకే ఈ శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రం ఇచ్చాం.

ప్రశ్న: కారు ఎక్స్-షోరూమ్ ధర 8,99,000 అన్నారు. చేతికిచ్చిన కొటేషన్‌లో ఆన్‌రోడ్ 11,11,660 ఉంది. లైఫ్ ట్యాక్స్ 1,25,860, ఇన్సూరెన్స్ 46,500, రిజిస్ట్రేషన్ 4,800, హ్యాండ్లింగ్ 7,500, ఫాస్టాగ్ 600, యాక్సెసరీ కిట్ 14,900, ఎక్స్‌టెండెడ్ వారంటీ 12,500 అని రాశారు. లోన్ మీద తీసుకుంటున్నాం. ఇందులో తప్పనిసరి ఏది, బేరమాడగలిగేది ఏది? (కరీంనగర్)

ముందు మీకు కనిపించని పన్ను సంగతి చూద్దాం. 8,99,000లోనే జీఎస్టీ ఉంది. మీది 18 శాతం పన్ను పడే చిన్న కారు అయితే 8,99,000ను 1.18తో భాగించండి. కారు అసలు ధర 7,61,864, జీఎస్టీ 1,37,136 అని తేలుతుంది. ఇందులో కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. ఇన్‌వాయిస్‌లో ఈ రెండూ విడివిడిగా కనిపించాలి.

ఇక లైఫ్ ట్యాక్స్, అంటే రిజిస్ట్రేషన్ అప్పుడు రాష్ట్రానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను. తెలంగాణలో 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కారుకు 14 శాతం. మీ చీటీలోని 1,25,860 సరిగ్గా 8,99,000 మీద 14 శాతమే, లెక్క తప్పు లేదు. కానీ గమనించండి, ఈ 14 శాతం జీఎస్టీతో కలిపిన ధర మీద వేశారు. అంటే మీరు కట్టిన జీఎస్టీ మీద కూడా 19 వేల పైచిలుకు లైఫ్ ట్యాక్స్ పడింది. పన్ను మీద పన్ను ఏమిటని కోపం రావడం సహజం, అయితే చట్టం అలాగే ఉంది. షోరూమ్ వాళ్లతో దీనిమీద వాదించి లాభం లేదు.

రిజిస్ట్రేషన్ 4,800 దగ్గర మాత్రం ఆగండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం సొంత వాడకం కారు రిజిస్ట్రేషన్ రుసుము 600, స్మార్ట్ కార్డు 200, లోన్ ఉంది కనుక హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న) నమోదుకు 1,500. ఇవి 2,300. వీటికి తోడు తాత్కాలిక రిజిస్ట్రేషన్, రాష్ట్ర సేవా రుసుము, తపాలా ఖర్చు వంటివి ఉంటాయి. రోడ్డు భద్రత సెస్ లాంటిది ఏదైనా వసూలు చేస్తే అదీ ప్రభుత్వ రశీదులోనే కనబడాలి. రవాణా శాఖకు కట్టిన ప్రతి రూపాయికీ ఆన్‌లైన్ రశీదు వస్తుంది కాబట్టి మాట ఒక్కటే: "రశీదులో ఎంతుంటే అంత ఇస్తాం." ఈ మాట అనగానే చాలాచోట్ల 4,800 తనంతట తానే తగ్గుతుంది.

హ్యాండ్లింగ్ 7,500 మొత్తం కొట్టేయించవచ్చు. యార్డు నుంచి షోరూమ్‌కు తేవడం, కడగడం, డెలివరీకి సిద్ధం చేయడం డీలర్ వ్యాపార ఖర్చులు, వాటికి కంపెనీ నుంచి మార్జిన్ ఉంటుంది. దీన్ని మీ దగ్గర వసూలు చేయమని ఏ చట్టమూ చెప్పలేదు. "లాజిస్టిక్స్", "ఫెసిలిటేషన్", "డాక్యుమెంటేషన్", "ఆర్టీఏ సర్వీస్" అని పేర్లు మారుతుంటాయి, సరుకు అదే. ఆర్టీఏకు మనిషిని పంపాలి కదా అంటారు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. అది ఆయన మనకు చేసిపెట్టే ఉపకారం కాదు, ఆయన బాధ్యత. ఒప్పుకోకపోతే ఆ పద్దు పేరుతో జీఎస్టీ బిల్లు ఇవ్వమనండి. అదీ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

యాక్సెసరీ కిట్, ఎక్స్‌టెండెడ్ వారంటీ పూర్తిగా మీ ఇష్టం. కిట్ వద్దంటే "బండి కిట్ ఫిట్టింగ్‌తోనే వచ్చింది" అనే షోరూమ్‌లు ఉన్నాయి. ఏయే వస్తువు ఎంతో విడిగా రాసివ్వమనండి. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీటు కవర్లు బయట కొని చూస్తే అసలు బేరం అర్థమవుతుంది. వైర్లు కత్తిరించి బిగించేవి, అంటే హారన్లు, అదనపు లైట్లు, ఆంప్లిఫయర్లు మాత్రం బయట వేయించకండి. వైరింగ్ వారంటీకి అక్కడే చిక్కొస్తుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీని చాలా కంపెనీలు మొదటి వారంటీ అయిపోయేలోగా ఎప్పుడైనా అమ్ముతాయి, ఆలస్యమైతే ధర కాస్త పెరుగుతుంది. డెలివరీ రోజు తొందరపడాల్సిన పని లేదు. ఇన్సూరెన్స్ సంగతి కింద గుంటూరు ఉత్తరంలో చూడండి, మీ 46,500లోనూ తగ్గే సొమ్ము ఉండవచ్చు.

ప్రశ్న: అన్నయ్య మారుతి బ్రెజా పెట్రోల్ కొంటే 40 శాతం జీఎస్టీ పడింది. నేను చూస్తున్న టాటా నెక్సాన్ పెట్రోల్‌కు 18 శాతమే అంటున్నారు. రెండూ ఒకే సైజు కదా? (మహబూబ్‌నగర్)

పొడవులో రెండూ 4 మీటర్ల లోపే. తేడా ఇంజిన్‌లో ఉంది. 18 శాతం పడాలంటే రెండు షరతులూ కలవాలి: పొడవు 4,000 మిల్లీమీటర్లకు మించకూడదు, పెట్రోల్ లేదా సీఎన్‌జీ ఇంజిన్ 1,200 సీసీకి మించకూడదు. డీజిల్‌కు ఆ హద్దు 1,500 సీసీ. బ్రెజా ఇంజిన్ 1,462 సీసీ కాబట్టి 40 శాతం. నెక్సాన్ పెట్రోల్ 1,199 సీసీ, డీజిల్ 1,497 సీసీ, రెండూ హద్దులోనే ఉన్నాయి. ఇంజిన్ చిన్నదైనా పొడవు దాటితే అంతే సంగతి. జీఎస్టీ పైన అదనంగా వేసిన వెనకటి సెస్ ఇప్పుడు కార్ల మీద లేదు. కొటేషన్‌లో ఎవరైనా "సెస్" అని జీఎస్టీ పక్కన రాస్తే అది పాత ఫారం అనుకోండి, మార్పించండి.

ప్రశ్న: ఒకే కారులో రెండు వేరియంట్లు చూశాం. ఒకటి 9,95,000, ఇంకోటి 10,15,000. తేడా ఇరవై వేలే కదా అని పైదే తీసుకుందామంటే ఆన్‌రోడ్‌లో డెబ్బై వేలు పైగా తేడా చూపిస్తున్నారు. పైగా 40 వేలు డిస్కౌంట్ ఇస్తామన్నారు. అప్పుడు ధర 9,75,000కు వస్తుంది కదా, పన్ను తగ్గదా? (ఖమ్మం)

చీటీ లెక్క సరైనదే. ఆదాయపు పన్ను శ్లాబులకు అలవాటు పడ్డ మనకు లైఫ్ ట్యాక్స్ దగ్గర పొరపాటు జరిగేది ఇక్కడే. ఆదాయపు పన్నులో హద్దు దాటిన భాగం మీదే ఎక్కువ రేటు పడుతుంది. లైఫ్ ట్యాక్స్‌లో హద్దు దాటితే మొత్తం ధర మీద కొత్త రేటు పడుతుంది.

తెలంగాణలో 5 లక్షల వరకు 13 శాతం, 10 లక్షల వరకు 14 శాతం. 2025 ఆగస్టులో పై రేట్లు పెంచాక 10 నుంచి 20 లక్షల వరకు 18, 20 నుంచి 50 లక్షల వరకు 20, ఆ పైన 21 శాతం. మీ మొదటి వేరియంట్‌కు 14 శాతం చొప్పున 1,39,300. రెండోదానికి 18 శాతం చొప్పున 1,82,700. పన్నులోనే 43,400 తేడా. బండి ధరలో ఇరవై వేలు కలిపితే 63,400. పది లక్షలు దాటింది కనుక టీసీఎస్ (డీలర్ వసూలు చేసి మీ పాన్ మీద జమచేసే ఆదాయపు పన్ను, వివరం కింద నల్లగొండ ఉత్తరంలో) ఒక శాతం, 10,150. కలిపితే 73,550. (ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉన్న రేటు 10–20 లక్షలకు 17 శాతం. ఇదే జోడీకి అక్కడ పన్ను తేడా 33,250.)

డిస్కౌంట్ సంగతి. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ లెక్క ఆ వేరియంట్‌కు కంపెనీ ప్రకటించిన ఎక్స్-షోరూమ్ ధర మీదే జరుగుతుంది. షోరూమ్ వాళ్లు మీకు ఎంత తగ్గించారన్నది ఆ లెక్కలోకి రాదు. కాబట్టి 40 వేలు తగ్గించినా 18 శాతమే. కానీ అదే 40 వేలు ఇన్‌వాయిస్‌లోనే తగ్గించి రాస్తే రెండు లాభాలు ఉన్నాయి: జీఎస్టీ తగ్గిన ధర మీదే పడుతుంది, అమ్మకం విలువ 10 లక్షల లోపుకు వస్తుంది కనుక టీసీఎస్ పడదు. ఆ డిస్కౌంట్‌ను "యాక్సెసరీల రూపంలో ఇస్తాం" అంటే ఈ రెండూ పోతాయి. కనుక ఎక్కడ తగ్గిస్తున్నారో బుకింగ్ రోజే కాగితం మీద రాయించుకోండి.

ఇంకో చిన్న మెలిక: రెండు రంగుల బాడీ, మెటాలిక్ రంగు లాంటివి కొన్ని కంపెనీల్లో ఎక్స్-షోరూమ్ ధరనే పెంచుతాయి. 9.90 దగ్గర ఉన్న కారు నల్ల రూఫ్ ముచ్చటకు పది దాటితే ఆ రూఫ్ ఖరీదు యాభై వేల దగ్గర పడుతుంది. ముచ్చట తీర్చుకోవాలనుకుంటే నల్ల ఫిల్మ్ బయట అంటించుకోవచ్చు, అది లైఫ్ ట్యాక్స్ లెక్కలోకి రాదు.

ప్రశ్న: మాది వ్యవసాయం. 12,40,000 కారు మా నాన్నగారి పేరు మీద తీసుకున్నాం, డబ్బు నా ఖాతా నుంచి కట్టాను. టీసీఎస్ అని 12,400 తీసుకున్నారు. నాన్నగారికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఈ డబ్బు పోయినట్టేనా? (నల్లగొండ)

పోలేదు, అడిగితే తిరిగి వస్తుంది. టీసీఎస్ అంటే కారు మీద పన్ను కాదు. 10 లక్షలు దాటిన కారు అమ్మినప్పుడు డీలర్ ఒక శాతం మీ నుంచి తీసుకుని, మీ పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖలో జమ చేస్తాడు. సంవత్సరం చివర కట్టాల్సిన పన్నులో అది మినహాయింపు అవుతుంది. పన్నే లేకపోతే రిఫండ్ వస్తుంది.

అయితే ఆ జమ ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద ఉంటే వారి పాన్‌కే పడుతుంది. డబ్బు మీరు కట్టినా జమ మీ నాన్నగారిదే. రిటర్న్ వేయాల్సింది ఆయనే. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు. వ్యాపారం, ఉద్యోగం లేకుండా వ్యవసాయ ఆదాయమే ఉన్నవారు ఐటీఆర్-2 వేస్తారు. రిఫండ్ పడే బ్యాంకు ఖాతా కూడా ఆయన పేరునే ఉండి, పోర్టల్‌లో ధ్రువీకరించి ఉండాలి. చాలామంది రిఫండ్లు ఆగేది ఇక్కడే.

డీలర్ నుంచి టీసీఎస్ సర్టిఫికెట్ అడగండి. ఆ మొత్తం పాన్ మీది జమలు చూపే 26ఏఎస్‌లో కనబడుతోందో లేదో చూసుకోండి. డీలర్లు మూడు నెలలకోసారి వివరాలు దాఖలు చేస్తారు, కాబట్టి కారు కొన్న వారంలోనే కనపడలేదని కంగారు పడొద్దు. త్రైమాసికం ముగిసి నెలన్నర గడిచినా రాకపోతే పాన్ తప్పు రాశారేమో అడగండి. పాన్ ఇవ్వకపోతే ఒక శాతం కాస్తా 5 శాతం అవుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఉద్యోగులు ఈ టీసీఎస్ వివరాలు తమ కంపెనీకి ఇస్తే జీతంలో కోసే టీడీఎస్ ఆ మేరకు తగ్గిస్తారు. 2024 అక్టోబరు నుంచి ఈ వీలుంది. రిఫండ్ కోసం ఏడాది ఆగక్కర్లేదు. ఇంకొకటి, టీసీఎస్ మీద జీఎస్టీ వేయకూడదు. కొటేషన్ కింద టీసీఎస్‌ను కూడా కలిపి పన్ను లెక్కేస్తే తప్పు.

ప్రశ్న: షోరూమ్ ఇన్సూరెన్స్ 46 వేలు, ఆన్‌లైన్‌లో అదే కారుకు 33 వేలు కనబడుతోంది. బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదంటున్నారు, బండి ఇవ్వడం ఆలస్యమవుతుందంటున్నారు. ఏం చేయమంటారు? (గుంటూరు)

పాలసీ ఎక్కడ కొనాలన్నది మీ హక్కు. షోరూమ్ పాలసీయే తీసుకోవాలన్న నిబంధన లేదు. ఇక రెండు ధరలు పోల్చేముందు అవి ఒకే సరుకు ధరలేనా అని చూడాలి.

పాలసీలో రెండు భాగాలు. మొదటిది థర్డ్ పార్టీ. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. ఇది ఎక్కడ కొన్నా ఒకటే, ఎందుకంటే రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో నిర్ణయించిన మూడేళ్ల రేట్లు 1,000 సీసీ వరకు 6,521, 1,000–1,500 మధ్య 10,640, 1,500 పైన 24,596. వీటి మీద 18 శాతం జీఎస్టీ. 1,197 సీసీ కారుకు అన్నీ కలిపి 12,555. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద జీఎస్టీ తీసేశారు కానీ మోటారు బీమా మీద 18 శాతం అలాగే ఉంది.

రెండోది సొంత నష్టం భాగం, దీన్నే ఓడీ అంటారు. పోటీ అంతా ఇక్కడే. మీ 46 వేలకూ 33 వేలకూ తేడా ఇందులోనే ఉంటుంది. పోల్చేటప్పుడు మొదట ఐడీవీ చూడండి, బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. కొత్త కారుకు సాధారణంగా ధరలో 5 శాతం తగ్గించి వేస్తారు. 8,99,000 కారుకు 8,54,050. ఆన్‌లైన్‌లో ఐడీవీని 7 లక్షలకు దించి ప్రీమియం చౌకగా చూపించే కొటేషన్లు ఉంటాయి, దానికి మోసపోవద్దు. ఆ తర్వాత అదనపు కవర్లు, అంటే యాడ్-ఆన్‌లు. కొత్త కారుకు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల ధరలో తరుగు కోయకుండా ఇచ్చేది) ఉండాల్సిందే అంటాం, ప్లాస్టిక్ బంపర్లకు సగం డబ్బే వచ్చే బాధ తప్పుతుంది. వర్షానికి నీళ్లు నిలిచే కాలనీలో ఉంటే ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా. టైర్ కవర్, తాళం చెవి కవర్, సామాను కవర్ అంటూ అతికించినవి తీసేయించండి. వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలది మీకు ఇంతకుముందే ఇంకో బండి మీద గానీ విడిగా గానీ ఉంటే మళ్లీ కట్టక్కర్లేదు.

క్యాష్‌లెస్ అనేది పాలసీ ఎక్కడ కొన్నారన్న దాని మీద ఆధారపడదు. ఆ బీమా కంపెనీకీ ఆ సర్వీస్ సెంటర్‌కూ ఒప్పందం ఉందా లేదా అన్నదే ప్రశ్న. బీమా కంపెనీ వెబ్‌సైట్‌లో నెట్‌వర్క్ గ్యారేజీల జాబితా ఉంటుంది, మీ ఊరి సర్వీస్ సెంటర్ పేరు చూసుకోండి. ఆలస్యం మాట కొంత నిజమే. బయట పాలసీకి ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కావాలి, అవి బండి కేటాయించాకే వస్తాయి. కాబట్టి కేటాయింపు జరిగిన రోజే ఆ నంబర్లు రాతపూర్వకంగా అడగండి. పాలసీలో లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు తప్పకుండా వేయించండి. అది లేకపోతే రిజిస్ట్రేషన్ వెనక్కి రావచ్చు. నిజానికి బయట కొనాల్సిన అవసరం కూడా రాకపోవచ్చు. 33 వేల కొటేషన్ ప్రింటు బల్ల మీద పెడితే షోరూమ్ ధర దానికి దగ్గరకు దిగడం మామూలే.

పాత కారు ఉండి, దానిమీద క్లెయిమ్ చేయకుండా వచ్చి ఉంటే నో క్లెయిమ్ బోనస్ మీది, కారుది కాదు. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓడీ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. పాత కారు అమ్మాక పాత బీమా కంపెనీ నుంచి బోనస్ లేఖ తీసుకుని కొత్త పాలసీకి జతచేయండి. ఎక్స్ఛేంజ్‌లో కారు ఇచ్చేవాళ్లలో చాలామంది దీన్ని వదులుకుంటున్నారు.

పాలసీ కాగితంలో రెండు ముగింపు తేదీలు ఉంటాయి. థర్డ్ పార్టీ మూడేళ్లకు, ఓడీ ఒక ఏడాదికి. పెద్ద తేదీ చూసి నిశ్చింతగా ఉండిపోతే రెండో ఏడాది ప్రమాదంలో మీ బండికి పైసా రాదు.

ప్రశ్న: మా పాత కారు ఆరు నెలల క్రితం అమ్మేశాం. కొత్తదానికి "సెకండ్ వెహికల్" అని 2 శాతం అదనంగా వేశారు. (హైదరాబాద్)

కారు అమ్మారు, ఆర్సీ మారి ఉండకపోవచ్చు. రవాణా శాఖ రికార్డుల్లో అది ఇప్పటికీ మీ పేరుమీదే ఉంటే తెలంగాణలో కొత్తది రెండో కారే అవుతుంది. తొమ్మిది లక్షల కారుకు ఆ 2 శాతం 18 వేలు. కొన్నవారితో బదిలీ పూర్తి చేయించి, ఆర్సీ వారి పేరుకు మారిన తర్వాతే కొత్త కారుకు పన్ను కట్టండి. వారం ఆగినా నష్టం లేదు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ సంగతి తెలపాలని చట్టం చెబుతోంది. ఎక్స్ఛేంజ్‌లో షోరూమ్‌కు ఇచ్చిన బండ్లు నెలల తరబడి మీ పేరు మీదే తిరుగుతుంటాయి, చలాన్లు కూడా మీకే వస్తాయి. డెలివరీ నోటు మీద తేదీ, సమయం, తీసుకున్నవారి సంతకం లేకుండా తాళం ఇవ్వకండి.

ప్రశ్న: చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది, జీఎస్టీ నంబరుంది. కారు సంస్థ పేరు మీద తీసుకుంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని మిత్రులు చెప్పారు. (వరంగల్)

రాదు. డ్రైవర్‌తో కలిపి 13 సీట్లు మించని బండికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలులో కట్టిన జీఎస్టీని వెనక్కి తీసుకునే వీలు) లేదు. కార్లు అమ్మేవారికి, ట్యాక్సీగా తిప్పేవారికి, డ్రైవింగ్ నేర్పేవారికి మాత్రమే మినహాయింపు ఉంది. పైగా తెలంగాణలో కంపెనీలు, సంస్థల పేరుతో కొనే కార్లకు లైఫ్ ట్యాక్స్ రేటు ఎక్కువ. మీ సొంత కారుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా సంస్థ పాలసీకి మారదు.

మీకు దొరికేది ఆదాయపు పన్నులో. కారు విలువ మీద ఏటా 15 శాతం తరుగుదల, వ్యాపారానికి వాడిన మేరకు లోన్ వడ్డీ, డీజిల్, బీమా ఖర్చుగా చూపవచ్చు. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే. అందుకే అక్టోబరు మొదటి వారం దాటాక కొన్నవారికి మొదటి ఏడాది ఏడున్నర శాతమే వస్తుంది. ప్రెస్ మీ ఒక్కరి సొంతమే అయితే, భాగస్వాములు లేకపోతే, కారు మీ వ్యక్తిగత పేరు మీద కొని వ్యాపార ఆస్తిగా లెక్కల్లో చూపవచ్చు. ఏకవ్యక్తి యాజమాన్యంలో ఓనరూ సంస్థా వేరు కాదు. ఎక్కువ లైఫ్ ట్యాక్స్ తప్పుతుంది, తరుగుదలా దొరుకుతుంది.

ప్రశ్న: 14,50,000 ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాం. పన్నేమీ లేదన్నారు, తీరా చూస్తే 14,500 టీసీఎస్ అంటున్నారు. లోన్ వడ్డీకి లక్షన్నర మినహాయింపు కూడా ఉందట. (సికింద్రాబాద్)

"పన్నేమీ లేదు" అన్నది లైఫ్ ట్యాక్స్ వరకు నిజం. తెలంగాణ 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఎలక్ట్రిక్ బండ్లకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మాఫీ. ఇదే ధరకు పెట్రోల్ కారు కొంటే 18 శాతం చొప్పున 2,61,000 కట్టేవారు. ఆ తేదీ దగ్గరపడ్డాక కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: లెక్కలోకి వచ్చేది రిజిస్ట్రేషన్, బుకింగ్ కాదు. హైబ్రిడ్‌లు (పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు రెండూ ఉన్నవి) ఈ మాఫీ కిందికి రావు. "స్ట్రాంగ్ హైబ్రిడ్ కూడా ఎలక్ట్రికే" అన్న సేల్స్‌మన్ మాట నమ్మి లెక్క వేసుకోకండి.

జీఎస్టీ 5 శాతం, అది ధరలోనే ఉంది. టీసీఎస్‌కు ఇంధనంతో సంబంధం లేదు, 10 లక్షలు దాటితే ఎలక్ట్రిక్‌కూ పడుతుంది. పైన చెప్పినట్టు తిరిగి వచ్చే డబ్బే.

వడ్డీ మినహాయింపు మాత్రం పాతమాట. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. ఇప్పటికీ కొన్ని షోరూమ్ పాంప్లెట్లలో కనబడుతుంటుంది.

బీమాలో కూడా ఒక తికమక ఉంది. ఎలక్ట్రిక్ కార్ల థర్డ్ పార్టీ రేటు మోటారు కిలోవాట్లను బట్టి ఉంటుంది, బ్యాటరీ కిలోవాట్-అవర్లను బట్టి కాదు. మూడేళ్లకు 30 కిలోవాట్ల వరకు 5,543, 30–65 మధ్య 9,044, 65 దాటితే 20,907, వీటికి జీఎస్టీ అదనం. మీ కారు బ్యాటరీ 45 కిలోవాట్-అవర్లైనా మోటారు 100 కిలోవాట్లుంటే పై రేటే పడుతుంది.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు అనంతపురం. ఊళ్లో కొని ఏపీ నంబరుతో ఇక్కడ తిప్పుకోవచ్చా? (బెంగళూరు)

ఊరి చిరునామా రుజువుతో కొనవచ్చు, ఆ రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. కానీ ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరుకు మార్చుకోవాలి. అప్పుడు కర్ణాటక తన జీవితకాల పన్ను అడుగుతుంది. ఏపీలో కట్టినదాంట్లో మిగిలిన భాగం రిఫండ్ అడిగి తెచ్చుకోవాలి, అది అంత త్వరగా తెమిలే పని కాదు. అక్కడే స్థిరపడే ఉద్దేశముంటే అక్కడే కొనండి. రెండేళ్లలో వెనక్కి వచ్చేస్తారనుకుంటే ఊళ్లో కొనడం మేలు.

ఏపీ, తెలంగాణ మధ్య మారేవారికీ ఇదే సూత్రం. 2014 జూన్ 2కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన బండ్లకే మళ్లీ పన్ను ఉండదు.

చిన్న ప్రశ్నలు

*నంబరు ప్లేటుకు 900 అడిగారు (ఒంగోలు).* 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటును కంపెనీయే డీలర్ ద్వారా ఇవ్వాలి. విడిగా డబ్బు దేనికో బిల్లులో చూపించమనండి.

*బుక్ చేసినప్పటి ధరే ఇవ్వాలి కదా (సిద్దిపేట)?* చాలా బుకింగ్ ఫారాల్లో "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. జనవరి, ఏప్రిల్ నెలల్లో కంపెనీలు ధరలు పెంచడం పరిపాటి. సంతకానికి ముందే చదవండి. బుకింగ్ డబ్బు కంపెనీ లేదా డీలర్ ఖాతాకే కట్టండి, సేల్స్‌మన్ ఫోన్ నంబరుకు వద్దు.

*రెండు లక్షలు నగదుగా ఇవ్వవచ్చా (కడప)?* రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే డీలర్‌కు అంతే మొత్తం జరిమానా పడుతుంది. విడతలుగా ఇచ్చినా ఒక కారుకు ఒకే లావాదేవీ.

*ఫ్యాన్సీ నంబరు వద్దన్నా "నంబరు ఛార్జీ" వేశారు (మంచిర్యాల).* వరుసలో వచ్చే నంబరుకు విడిగా డబ్బేమీ లేదు. కోరిన నంబరుకు రవాణా శాఖ సైట్‌లో మీ లాగిన్‌తోనే కట్టి వేలంలో పాల్గొనవచ్చు.

*కొత్త కారు ఫాస్టాగ్‌కు వార్షిక పాస్ రావడం లేదు (విశాఖపట్నం).* షోరూమ్‌లో ఇచ్చే ట్యాగ్ ఛాసిస్ నంబరుతో నమోదవుతుంది. 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్‌కు బండి నంబరు తప్పనిసరి. పర్మనెంట్ నంబరు వచ్చాక ఆర్సీ కాపీతో ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులో వివరాలు మార్పించండి, తర్వాత పాస్ కొనవచ్చు. ఇది జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల టోల్ ప్లాజాలకే పనిచేస్తుంది. రాష్ట్ర రహదారి టోల్‌కు ట్యాగ్‌లోని మామూలు బ్యాలెన్సే కట్ అవుతుంది, కనుక అందులో కొంత ఉంచుకోండి.